తవా మీద పేరు

పాల్వంచలో మా ఇంటి అటక మీద ఒక రేకు ట్రంకు పెట్టె ఉండేది. దాన్నిండా గ్రామఫోన్ రికార్డులు. మా ఇంట్లో వాటిని తవాలు అనేవాళ్లు. రొట్టెలు కాల్చే పెనంలా నల్లగా, గుండ్రంగా ఉంటాయి కదా, ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో ఆ పేరే నిలిచింది. పాతసామాన్ల బండివాడు కిలోల లెక్కన అడిగితే అబ్బా ఇవ్వలేదు. "ఒక్కసారి పాడనివ్వండి బేటా, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. ఎనభై దాటిన మనిషి మాట. అట్లా మేం ఆ తవాల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పనికి దిగాం. మిషన్ పని కొద్ది రోజుల్లో పట్టుబడింది. పేర్ల పని మాత్రం ఇంకా తెగలేదు.

ఆ పెట్టె ఎట్లా నిండిందో చెప్పాలంటే ఊరి సంగతి చెప్పాలి. 1948 దాకా పాల్వంచ నిజాం రాజ్యం. గోదావరి దాటితే భద్రాచలం, అది ఇంగ్లీషు వాళ్ల మద్రాసు రాష్ట్రం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడితే, 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిసింది. 1966లో మా ఊళ్లో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ మొదలైంది. ఉద్యోగాలకు హైదరాబాద్ నుంచీ వచ్చారు, కోస్తా నుంచీ వచ్చారు. ఆ ఉద్యోగాలు ఎవరివన్న ప్రశ్న దగ్గరే 1969 తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బయట అంత తగువు నడుస్తున్నా, సాయంత్రం క్వార్టర్లలో తవాలు చేతులు మారేవని అబ్బా చెబుతాడు. హైదరాబాద్ వాళ్లు ఖవ్వాలీ ఇచ్చేవాళ్లు, కోస్తా వాళ్లు నాదస్వరం, తెలుగు సినిమా పాటలు ఇచ్చేవాళ్లు. మా పెట్టె అట్లా నిండింది. అందులో ఏది ముస్లిం పాట, ఏది తెలుగు పాట అని అప్పుడు ఎవరూ అడగలేదు.

పాత 78 రికార్డు వినైల్ కాదు. దాన్ని షెల్లాక్‌తో చేసేవాళ్లు. షెల్లాక్ అంటే మన లక్కే. మోదుగు, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే బంక. దాన్ని శుద్ధి చేసి, రాతి పొడి కలిపి, వేడిమీద అచ్చు ఒత్తేవాళ్లు. ఆ లక్కతోనే హైదరాబాద్ లాడ్ బజార్లో మావాళ్లు గాజులు చేస్తారు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజు చేసిన చెయ్యి ఎవరిదో ఈమధ్య కొంచెం రాస్తున్నారు. తవాలో వినపడే గొంతు ఎవరిదో రాసేవాళ్లేరీ?

ఈ పని చెయ్యాలనుకునే వాళ్ల కోసం మేం నేర్చుకున్నది చెబుతాం. ముందు తవా కడగాలి. లక్క రికార్డుకు స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది, కాబట్టి డిస్టిల్డ్ వాటర్, మెత్తని గుడ్డ చాలు. పాత కీ గ్రామఫోన్ మీద మళ్లీ మళ్లీ పెట్టొద్దు. దాని బరువుకి ఇనప ముల్లు గీతను అరగదీస్తుంది. ఎల్పీ ముల్లు కూడా పనికిరాదు. 78 గీత ఎల్పీ గీతకంటే దాదాపు మూడింతలు వెడల్పు. సన్న ముల్లు అడుక్కి దిగి అక్కడి దుమ్మునంతా వినిపిస్తుంది. వెడల్పు ముల్లు విడిగా కొనుక్కోవాలి. టర్న్‌టేబుల్‌కి 78 వేగం లేకపోతే 45 మీద తిప్పి, కంప్యూటర్లో వేగం పెంచుకోవచ్చు. ముల్లు నుంచి వచ్చే కరెంటు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్లిఫయర్ మధ్యలో ఉండాలి. అక్కణ్నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌లోకి తీసుకోవాలి, మైకు రంధ్రంలోకి కాదు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ముందు వేవ్ ఫైలుగా దాచుకోవాలి. సీడీ నాణ్యతలో నిమిషానికి పది మెగాబైట్ల చోటు పడుతుంది. 78లో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంటే ముప్ఫై మెగాబైట్లు. ఎంపీత్రీ అందరికీ పంచడానికి సరే, దాచుకోవడానికి కాదు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. తర్వాతి మెట్టు దగ్గర మేం దెబ్బతిన్నాం. పాత తవాలో చిటపటలు ఉంటాయి. వాటిని తీసేసే మీట సాఫ్ట్‌వేర్లో ఉంది. ఒక ఖవ్వాలీ మీద మేం దాన్ని గట్టిగా నొక్కాం. పాట శుభ్రంగా వచ్చింది. అబ్బా విని, "తాళీలు ఏవిరా?" అన్నాడు. ఖవ్వాలీకి తప్పట్లే తాళం, తప్పట్లే ప్రాణం. అంత మోతాదులో ఆ మిషన్‌కి గీత మీది పగులూ, మనిషి చేతి చప్పుడూ ఒకటే అయ్యాయి. గొంతు కూడా నీళ్లలోంచి వచ్చినట్టుంది. అదృష్టం, అసలు ఫైలు దాచి ఉంచాం. అప్పట్నుంచి పెద్ద పగుళ్లను ఒక్కొక్కటే చేత్తో సరిచేస్తున్నాం. మిగతా గరగర అట్లాగే ఉంచుతున్నాం. ఏది చప్పుడో, ఏది పాటో తెలియని వాళ్ల చేతికి మా పాట ఇస్తే ఏమవుతుందో చూశాం కదా.

ఇక పేర్లు. 1902 నవంబర్లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశారు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెబుతుంది. అప్పుడు రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్లో. అక్కడి పనివాళ్లకు పాడిందెవరో తెలియాలి, లేబులు మీద సరైన పేరు పడాలి. ఆమె ఆర్మీనియన్ తండ్రికి పుట్టి, తల్లితోపాటు ఇస్లాంలోకి వచ్చిన మనిషి. ఆమెకు పేరంటే ఏమిటో తెలుసు. బెంగాలీలో కాళికాదేవి పాటలకు పేరుపడ్డ కె. మల్లిక్ అసలు పేరు మహమ్మద్ కాసిం. లేబులు మీద ఆ పేరు లేదు. అదే బెంగాల్లో ఇస్లామీ పాటలు పాడిన కొందరు హిందూ గాయకులకు ముస్లిం పేర్లు అచ్చేశారు. గొంతుకు మతం లేదని తెలిసే, కొనేవాడికి ఉందని లెక్కగట్టి చేసిన వ్యాపారం అది.

మా వాళ్ల సంగతి వేరు. వీళ్ల పేర్లు దాచలేదు, అయినా ఎవరికీ కనపడలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, శ్రీరంగనాథుడి గుళ్లో నాదస్వరం వాయించిన షేక్ చినమౌలానా మా పెట్టెలో ఉన్నాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల బిడ్డ. తన జీవితకథకు పింజారి అనే పేరు పెట్టుకోగలిగిన ధైర్యం ఆయనది. 1969లో భలే తమ్ముడులో ఎన్టీఆర్‌కి పాడిన మహమ్మద్ రఫీ ఉన్నాడు. 1971లో పద్మశ్రీ అందుకున్న హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గురించి అబ్బా గంటలు చెబుతాడు. మొదటి ముగ్గురూ "తెలుగు కళాకారులు", "సినిమా గాయకులు" అవుతారు. అప్పుడు వాళ్ల ముస్లింతనం ఎవరికీ గుర్తురాదు. నాలుగో ఆయన "ఉర్దూ" అవుతాడు. అప్పుడు ఆయన మన నేల మనిషన్న సంగతి గుర్తురాదు. గుళ్లో వాయిస్తే మావాడు కాడు, దర్గాలో పాడితే మీవాడు కాడు. మరి మేం ఎవరం?

కంప్యూటర్ కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది. ప్రతి ఫైలుకీ కళాకారుడు, సంవత్సరం, తరగతి అని గళ్లుంటాయి. తరగతి గడిలో "జానపదం" అని రాయాలా, "భక్తి" అని రాయాలా, "ఇస్లామీ" అని రాయాలా? మేం చాలా కొట్టుకున్నాం. చివరికి ఒక లెక్క పెట్టుకున్నాం. పేరు పూర్తిగా రాస్తాం, షేక్ అన్న మాటతో సహా. పుట్టిన ఊరు తెలిస్తే రాస్తాం. మతం గడి పెట్టం, దాచనూ దాచం. లేబులు మీదున్న నంబరు ఫోటోతో సహా జత చేస్తాం, రేపు ఎవరైనా సరిచూసుకోవడానికి. మన చట్టం ప్రకారం రికార్డుకి హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. పాట రాసినవాళ్ల హక్కు, బాణీ కట్టినవాళ్ల హక్కు వేరు. అందుకని అన్నీ ఊరంతా పంచడం లేదు, ఇంటికొచ్చి అడిగిన వాళ్లకు వినిపిస్తున్నాం.

2024 ఆగస్టులో పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లనూ పేల్చి పడగొట్టారు. పాల్వంచకు గుర్తు అవే. చాలామంది ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకున్నారు, మంచిదే. వాటి నీడన క్వార్టర్లలో తిరిగిన తవాలకు మాత్రం ఏ ఫోనూ లేదు. మీ ఇంట్లో కూడా అటక మీద ఒక పెట్టె ఉంటుంది. సాయిబులదైనా కావచ్చు, కాకపోవచ్చు. బండివాడికి వేసేముందు ఒకసారి విప్పండి. పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఉండగానే విప్పండి.

మా పని ఇంకా సగం కాలేదు. కొన్ని తవాల మీద లేబులు పూర్తిగా చెరిగిపోయింది. అబ్బా వాటిని రెండు క్షణాలు విని పాడిందెవరో చెబుతున్నాడు. ఆ మాటను కూడా మేం రికార్డు చేసి, పాట చివర అతికిస్తున్నాం.