రెండు బాటల టైరు

వారమంతయు ఊరి రహదారిమీద తిరిగి, ఆదివారమునాడు పందెపు ట్రాకుమీద పరుగెత్తగల టైరు నెన్నుకొనుట నేటి కారుప్రియులకు నూతన సమస్యగా తోచుచున్నది. పందెములలో పుట్టిన విద్యయే క్రమముగా రహదారికి దిగివచ్చినదని టైర్ల వ్యాపారులు చిరకాలముగా చాటుచున్నారు. ఆ మాటలో సత్యము లేకపోలేదు కాని, చరిత్రను నిదానముగా పరికించినచో, పందెగాండ్రకు రహదారియే పాఠము చెప్పిన సందర్భములు తక్కువ కావని తెలియును.

బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలిటైరుకు పేటెంటు పొందెను. మరుసటి యేడు ఆ నగరమందే జరిగిన సైకిలు పందెములలో విల్లీ హ్యూమ్ అట్టి టైర్లమీద నెగ్గుటతో దానిని పరిహసించినవారి నోళ్లు మూతపడెను. ఆ పేటెంటుకు నలువది మూడేండ్ల క్రితమే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు అదే యూహకు పేటెంటు పొందియుండుటచే డన్‌లప్ హక్కు చెల్లకుండ పోయినది గాని, కీర్తి మాత్రము డన్‌లప్‌నే వరించినది. మోటారుకారుకు గాలిటైరు తొడిగి లోకమునకు చూపినవారు ఆంద్రే, ఎదువార్ మిషెలిన్ సోదరులు. 1895లో పారిస్ నుండి బోర్డోకు పోయి తిరిగి వచ్చునట్టి, దాదాపు 1,200 కిలోమీటర్ల పందెమున వారు పాల్గొని, దారిపొడవున పంక్చర్లు వేసికొనుచునే గమ్యము చేరిరి. గెలుపు వారిది కాలేదు. కాని గాలిమీద కారు నడచునని రుజువైనది. ఆనాడు పందెపు బాట వేరు, ప్రయాణపు బాట వేరు అను భేదమే లేదు. అదే దుమ్ము, అవే రాళ్లు, అవే గుఱ్ఱపు నాడాల మేకులు.

ఆ భేదము 1907లో ఇంగ్లండునందు బ్రూక్‌లాండ్స్ ట్రాకుతో స్పష్టమైనది. మోటారు పందెములకే ప్రత్యేకముగా నిర్మింపబడిన ఆ కాంక్రీటు వలయముమీద ఎస్.ఎఫ్. ఎడ్జ్ ఆ యేటి జూన్ మాసమున తన నేపియర్ కారును ఇరువది నాలుగు గంటలు ఏకధాటిగా నడపి, గంటకు 65 మైళ్లకు మించిన సగటు వేగమును సాధించెను. ట్రాకు గోడకు వెలుపల, బ్రిటిషు రహదారులమీద, చట్టము అనుమతించిన వేగము గంటకు 20 మైళ్లు మాత్రమే! ఆ గోడకు ఇరువైపుల తిరుగు టైర్లకు ఒకే ధర్మము ఎట్లు చాలును?

అయినను రెంటికిని నడుమ ద్వారము పూర్తిగా మూసికొనలేదు. 1927లో తెరువబడిన జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్, పందెములు లేని దినములలో, సుంకము చెల్లించిన సామాన్యుని సైతము తన సొంత బండితో లోనికి రానిచ్చెను. నేడు ట్రాక్ డే అని పిలువబడు వేడుకకు మూలపురుషు డెవడని యడిగినచో, నేను ఆ సుంకపు గేటువద్ద వరుసలో నిలిచిన అనామకుని వైపే చూపుదును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము వచ్చిన రేడియల్ టైరు ఈ కథలో ముఖ్యపాత్ర. పాతరకపు టైరులో దారపు పొరలు ఒకదాని నొకటి ఏటవాలుగా ఖండించుకొనుచు పోవుటచే, పక్కభాగము వంగినపుడెల్ల నేలను తాకు భాగము కూడ మెలిపడుచుండెను. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొంది 1949లో అమ్మకమునకు పెట్టిన టైరులో దారములు ఒక అంచునుండి మరియొక అంచునకు అడ్డముగా నడచును. నేలను తాకు భాగము క్రింద ఉక్కుతీగల పట్టీ యుండును. అందుచేత పక్కలు యథేచ్ఛగా వంగినను ట్రెడ్డు నేలకు సమముగా అంటియుండును, వేడియు అరుగుదలయు తగ్గును. ఫ్రెంచి గృహస్థుడు అట్టి టైర్లమీద సంతకు పోయి వచ్చుచుండగా, ఫార్ములా వన్ పందెగాండ్రు మాత్రము దశాబ్దముల తరబడి పాతరకమునే పట్టుకొని వ్రేలాడిరి. ఆ టైరు పట్టు తప్పునప్పుడు మెల్లమెల్లగా, ముందే హెచ్చరించి తప్పుననుట వారి వాదము. రేడియల్ టైర్లకు ఫార్ములా వన్‌లో తొలి విజయము 1978 బ్రెజిల్ పందెమున గాని లభింపలేదు. ఇరువది తొమ్మిదేండ్ల ఆలస్యము! ఇచ్చట గురువు రహదారియే.

పందెగాండ్రు స్వయముగా సాధించినది బోడిటైరు. 1971లో స్పెయిన్ పందెమున ఫైర్‌స్టోన్ సంస్థ గాడులు లేని నున్నని టైర్లను ఫార్ములా వన్‌లో ప్రవేశపెట్టెను. గాడులు లేనందున నేలను తాకు రబ్బరు హెచ్చును. గాడుల నడుమ దిమ్మలు కదలి, నలిగి, వేడెక్కి పాడగుట యుండదు. ఇక రబ్బరు స్వభావమో, బెల్లపు పాకమువలె, తగిన వేడి తగులనిదే పట్టునకు రాదు, మించినచో చెడును. ట్రాకుకై కూర్చిన రబ్బరు అధికోష్ణమున పట్టునిచ్చును, చలిప్రొద్దున ఆఫీసునకు పోవు తొందరలో మొండికెత్తును. రహదారి రబ్బరు చల్లగా నున్నపుడే విధేయము. నాలుగు చుట్లు తీవ్రముగా తిప్పినచో మెత్తబడి జారజొచ్చును.

గాడులకు కారణమైన వాన సంగతి విమానములవారు తేటపరచిరి. తడిసిన రన్‌వేమీద విమానపు చక్రములు నీటిపై తేలిపోవుటను పరిశోధించి, అమెరికాలోని నాసా శాస్త్రజ్ఞులు 1963లో ఒక సూత్రమును ప్రకటించిరి: చదరపు అంగుళమునకు ఇన్ని పౌన్లని లెక్కించు గాలిపీడనమునకు వర్గమూలము కట్టి 10.35చే గుణించినచో, టైరు నేలను విడిచి నీటిపై తేలు వేగము గంటకు మైళ్లలో వచ్చును. గాడులు నీటిని ప్రక్కకు తోడివేసి ఆ యాపదను వాయిదా వేయును.

ఈ రెండు ధర్మములను ఒకే టైరున కలుపు ప్రయత్నములలో వింతలు లేకపోలేదు. అమెరికా క్లబ్బు పందెములలో రహదారి టైర్లనే వాడవలెనన్న నిబంధన యున్నచోట, పోటీదారులు సరికొత్త టైర్లను కొని, యంత్రముపై ట్రెడ్డును చెక్కించి, పలుచన చేయించుకొని మరీ వచ్చుచుండిరి. అరిగిన టైరుకు రీట్రెడింగు చేయించి మరి రెండేండ్లు లాగు మన లారీ యజమానికి ఈ మాట చెప్పినచో ఏమనునో! అచ్చటి ప్రభుత్వము కారు టైర్లమీద, అవి ఎంతకాలము మన్నునో తెలుపు అరుగుదల సంఖ్యను ముద్రింపవలెనని శాసించినది. అనేక క్లబ్బులు 200కు తక్కువ సంఖ్య గల టైరు పనికిరాదని హద్దు గీచినవి. ఆ సంఖ్యను నిర్ణయించువారు తయారీదారులే కావున, సరిగా 200 అని వ్రాయబడిన జిగట టైర్లు అంగడిని నింపినవి. వానిలో ఏ రెండును సమానముగా అరుగవు. కొనువాడు ఆ అంకె నొక్కదానినే నమ్మరాదు.

1992లో మిషెలిన్ మసికి బదులు సిలికాను అధికముగా చేర్చిన టైరును తెచ్చి, తడిబాటపై పట్టు చెడకుండ ఇంధనవ్యయమును తగ్గించెను. ఇదియు రహదారి అడిగిన వరమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సిటీ బస్సులు తిరుగు తారుబాటలమీదనే జరిగిన విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ పందెమున, జాన్ ఎరిక్ వెర్న్ నెగ్గిన కారుకు గాని తక్కిన వానికి గాని బోడిటైర్లు లేవు; ఎండకు వానకు ఒక్కటే రకము, గాడులు గల హాంకుక్ టైర్లు.

కావున ఎన్నుకొనువాడు మొదట తన సంవత్సరమును లెక్కించుకొనవలెను. ట్రాకుకు పోవునది ఏడాదికి రెండు మూడు మారులైనచో, వానకోర్చు మంచి రహదారి టైరే మేలు, నాలుగు చుట్లకొక మారు బండిని చల్లార్చుకొనిన చాలును. నెలనెలా పోవువాడు వేరుగా మరియొక జత చక్రములు కొనుట, ఖర్చు హెచ్చుగా కనబడినను, చౌక. ఒకే జతతో రెండు పనులు చేయించువాడు మాత్రము గాలి విషయమున ఏమరరాదు. ట్రాకుమీద టైరు వేడెక్కి పీడనము పెరుగుటచే గాలి కొంత తీసివేయుట వాడుక. సాయంత్రము చల్లారిన తరువాత అదే టైరు 30 పౌన్లకు బదులు 24 చూపవచ్చును. నాసా సూత్రమును కారుకు స్థూలముగా అన్వయించినచో, తేలు వేగము గంటకు 91 కిలోమీటర్లనుండి 82కు దిగును. ఇంటిదారిలో వాన పట్టకముందే పెట్రోలు బంకువద్ద ఆగి గాలి నింపించుకొనవలెను.