ఊపిరి లెక్కలో పడని మాట

మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చే ట్రాకియాస్టమీ చరిత్రను వైద్యులు చాలాకాలం, ఎందరు బతికారన్న లెక్కగానే రాసుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ వైద్యుడు ట్రూసో, డిఫ్తీరియా సోకిన 200 మందికి ఈ కోత పెట్టి దాదాపు నాలుగోవంతు మందిని దక్కించుకున్నానని ప్రకటించాడు. 1952లో కోపెన్‌హాగన్‌ను పోలియో కమ్మేసింది. ఊపిరి కండరాలు చచ్చుబడ్డ తొలి 31 మందిలో 27 మంది పోయారు. అప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతులో గొట్టం వేయించి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరందించే మార్గం చూపాడు. దాదాపు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. అంతటి దీక్షకు ఎంత నమస్కరించినా తక్కువే. కానీ ఆ గొట్టానికుండే గాలిబుడగ, కఫ్, ఉబ్బి ఉన్నంతసేపూ గాలి స్వరతంతువుల దాకా వెళ్లదు. మనిషి దక్కాడు, మాట దక్కలేదు. ఆ లోటు ఏ లెక్కలోనూ కనిపించదు.

దాన్ని లెక్కలోకి తెచ్చింది ఒక రోగి. కండరాల క్షీణతతో కాళ్లూ చేతులూ పడిపోయి వెంటిలేటర్ మీద బతుకుతున్న అమెరికా యువకుడు డేవిడ్ మ్యూర్. గొట్టాన్ని వేలితో మూసి మాట్లాడేవాళ్లు అప్పటికే ఉన్నారు. అతనికి వేలు లేపే బలం లేదు. అందుకే 1980లలో, పీల్చేటప్పుడు మాత్రమే తెరుచుకుని వెంటనే మూసుకుపోయే చిన్న కవాటాన్ని తానే రూపొందించాడు. వదిలే గాలి వేరే దారి లేక గొంతులోంచి పైకి పోతుంది, స్వరం పలుకుతుంది. వైద్యుడు విక్టర్ పాసీ పేరుతో కలిపి దాన్ని పాసీ-మ్యూర్ కవాటం అంటున్నారు.

ముందు ప్రాణం నిలవాలి, మాట సంగతి తర్వాత చూడొచ్చు అనేవారున్నారు. ఐసీయూలో తొలి గంటల్లో అది నిజమే. కానీ ప్రాణం, సౌఖ్యం వేర్వేరన్న నమ్మకాన్ని ఈ గొట్టం చరిత్రే ఒప్పుకోదు. 1730లో స్కాట్లండ్ వైద్యుడు జార్జ్ మార్టిన్ గొట్టంలో గొట్టం పెట్టి, లోపలిదాన్ని తీసి కడగొచ్చన్న ఆలోచనను నమోదు చేశాడు. ఆ ఆలోచన అతనికి చెప్పింది ఒక మతబోధకుడు. శుభ్రత కోసం పుట్టిన ఆ ఉపాయమే ఇప్పటికీ కఫం అడ్డుపడి ఊపిరాగకుండా కాపాడుతోంది. కవాటమూ అంతే: గొంతులో గాలి ఒత్తిడి తిరిగి రావడంతో దగ్గు బలపడుతుంది, చాలామందికి మింగడం సులువవుతుంది. ప్రమాదం లేదా అంటే, ఉంది. కఫ్‌లో గాలి తీయకుండా కవాటం బిగిస్తే వదిలే ఊపిరికి దారే ఉండదు. కాబట్టి కవాటం కొనిస్తే సరిపోదు, ముందు కఫ్ ఖాళీ చేసి, రోగి ఛాతీనీ ముఖాన్నీ చూస్తూ పక్కనే కూర్చునే తెలిసిన మనిషి కావాలి.