జూదమున రాజభాగము

ప్రజల దుర్వ్యసనమునుండి ప్రభుత్వము ధనము గైకొనవచ్చునా యను ప్రశ్న నేఁటిది కాదు. మన ప్రాచీన శాస్త్రకర్తలు దీనినిగూర్చి భిన్నమార్గములు ద్రొక్కిరి. మనువు జూదమును బట్టపగటి దొంగతనముగా నెంచి, రాజు దానిని రాజ్యమునుండి తొలగింపవలెనని శాసించెను. యాజ్ఞవల్క్యుఁడట్లుగాక, జూదశాలను నడపు సభికుఁడు గెలిచినవానియొద్ద వంతు గైకొని, యందు రాజభాగమును జెల్లింపవలెనని విధించెను.

కౌటిల్యుని యర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుఁడను నుద్యోగి కలఁడు. జూదమంతయు నొక్కచోటనే జరుగునట్లు చూచుట యాతని పని. వేఱొకచోట నాడినవారికి 12 పణములు దండన. పాచికల నధ్యక్షుఁడే యిచ్చును. వానిని మార్చినవాఁడును దండనార్హుఁడే. గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు సర్కారునకుఁ జెందును. పాచికలకు, నీటికి, స్థలమునకు రుసుములు వేఱు. ఇది చూచి, బొక్కసము నింపుటకే యీ యేర్పాటు జరిగెనని తలంపరాదు. గూఢముగా బ్రదుకు దొంగలు మొదలగువారిని గనిపెట్టుటకే జూదము నొక్కచోటఁ జేర్చవలెనని కౌటిల్యుఁడే కారణము చెప్పెను. యాజ్ఞవల్క్యుని మాటయు నిదియే. అనఁగా స్థలనియమము, పాచికల పరీక్ష, యధికారి దృష్టి యను మూఁడు కట్టుబాట్ల వెనుకనే రాజభాగము నడచినది.

నేఁటి యంతర్జాలపు జూదమున నీ మూఁడును లేవు. ఫోనున్న ప్రతిచోటును జూదశాలయే. పాచిక యెట్లు పడినదో యాడువాని కంటికిఁ గానరాదు. అర్ధరాత్రమున తలుపు మూసికొని యొంటరిగా నాడువానిని వారించుటకు నధ్యక్షుఁడు లేఁడు, పొరుగువాఁడును లేఁడు. మిగిలినది రాజభాగ మొక్కటే.

తెలంగాణ 2017 లోను, ఆంధ్రప్రదేశ్ 2020 లోను ధనమొడ్డి యాడు నంతర్జాలక్రీడలను నిషేధించినవి. అయినను 2023 అక్టోబరు 1 మొదలు దేశమున నట్టి క్రీడలకై యాటగాఁడు చెల్లించు మొత్తము సొమ్ముపై నూటికి 28 వంతుల జి.ఎస్.టి. విధింపఁబడెను. కౌటిల్యుఁడు గెలిచినవానియొద్దనే వంతు గైకొనెను. ఈ పన్ను ఓడినవానిపైఁ గూడఁ బడినది. రెండేండ్లు నిండకమునుపే, 2025 ఆగస్టులో, పార్లమెంటు ధనమొడ్డి యాడు నంతర్జాలక్రీడలను నిషేధించుచుఁ జట్టము చేసెను.

ఇంత యాదాయమును వదలుకొనుట వివేకమా యని కొందఱడుగుదురు. జూదము పంట పండింపదు, వస్త్రము నేయదు. ఒకని సంచిలోని సొమ్మును వేఱొకని సంచిలోనికిఁ జేర్చును. దానిపైఁ బన్ను పెరుగవలెనన్న నోడువారి సంఖ్య పెరుగవలెను. ఇంటి బియ్యమునకును, బిడ్డల చదువునకును దాచిన ధనములోఁ బాలు పంచుకొన్న ప్రభుత్వము, ఆ యింటివానిని జూదము మానుమని యే నోటఁ జెప్పఁగలదు?

అయితే నిషేధముతోనే పని ముగియలేదు. చాటున సాగు జూదమే మిక్కిలి ప్రమాదకరమను ప్రాచీనుల యనుభవ మిప్పటికిని సత్యమే. పన్ను వదలుకొన్న ప్రభుత్వము కాపలాను వదలరాదు. రాజభాగము పోయినను రాజధర్మము మిగిలియే యున్నది.