గడియారం చెప్పని లెక్క

మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో, పెరాక్ నది గుర్రపు లాడంలా మెలిక తిరిగే చోట తెలుక్ ఇంటాన్ పట్టణం ఉంది. 1882 నుంచి నూరేళ్ల పాటు దాని పేరు తెలుక్ ఆన్సన్. ఊరి నడుమ 1885లో లియాంగ్ చూన్ చాంగ్ అనే గుత్తేదారు కట్టిన గడియార గోపురం నేటికీ నిలిచి ఉంది. ఎత్తు 25.5 మీటర్లు. బయటి నుంచి చూసినవారికి ఎనిమిది అంతస్తులనిపిస్తుంది. లోపల ఉన్నవి మూడే. ఊరి అవసరాలకు నీరు నిలవ ఉంచే తొట్టెను అందులోనే అమర్చారు. కింద మెత్తని నేల, పైన నీటి బరువు. కాలక్రమాన గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన గోపురం మీది గడియారం కూడా వేళను సరిగ్గానే చెప్పగలదు. తాను నిలబడిన నేల సంగతి మాత్రం చెప్పలేదు.

ఏడాది చివర తమ పరుగుల పట్టికను ముందు పెట్టుకుని కూర్చునేవారికి ఈ తేడా తెలియడం అవసరం. ఎన్ని కిలోమీటర్లు, ఎంత సమయం అన్నది చేతి గడియారమే లెక్కగడుతుంది. వేగం ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. పరుగు చరిత్రలో ఆ జవాబును వెతికినవారు గడియారంతో పాటు మరో మనిషి చూపును కూడా ఆశ్రయించారు.

1952లో హెల్సింకి ఒలింపిక్స్ 1500 మీటర్ల పందెం నాటికి రోజర్ బానిస్టర్ వైద్య విద్యార్థి. తుది పోటీలో ఆయన పరుగు బ్రిటన్‌కు కొత్త జాతీయ రికార్డు. దక్కిన స్థానం మాత్రం నాలుగోది. అంకెను మాత్రమే చూస్తే అది ఆయనకు ఉత్తమ సంవత్సరం. ఫలితాన్ని మాత్రమే చూస్తే పరాజయం. అసలు కారణం రెంటికీ బయట ఉంది. ఆ ఏడు అనుకోకుండా సెమీఫైనల్ దశను అదనంగా చేర్చారు. వరుసగా మూడు పందాలను తట్టుకునే శిక్షణ ఆయనకు లేదు. పరుగు మానుకోవాలా అని కొంతకాలం తర్జనభర్జన పడిన తరువాత, మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాలన్న లక్ష్యం పెట్టుకున్నారు.

అంతవరకు శిక్షకుల అండ లేకుండా సాధన చేసిన బానిస్టర్, మిత్రుడు క్రిస్ బ్రాషర్ ద్వారా ఆస్ట్రియాలో పుట్టిన ఫ్రాంజ్ స్టాంప్‌ఫ్ల్ సలహా తీసుకోవడం మొదలుపెట్టారు. 440 గజాల పరుగు పదిసార్లు, నడుమ రెండేసి నిమిషాల విరామం. 66 సెకన్ల దగ్గర మొదలైన ఈ సాధన 1954 వసంతానికి 61 దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఆపైన తగ్గలేదు. బానిస్టర్, బ్రాషర్ ఇద్దరూ సాధన మానేసి స్కాట్లండ్‌లో కొండలెక్కడానికి వెళ్లారు. కొన్నాళ్ల తరువాత తిరిగివచ్చి పరిగెత్తితే 59 వచ్చింది. కొరవడింది శ్రమ కాదు, విశ్రాంతి.

మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఈదురుగాలి. పరిగెత్తాలా వద్దా అన్న సందేహంతో రైలెక్కిన బానిస్టర్‌కు ప్రయాణంలో స్టాంప్‌ఫ్ల్ తోడయ్యారు. అంతకంటె వేగంగా పరిగెత్తగల శక్తి ఉందని ఆయనకు నచ్చజెప్పారు. ఆ సాయంత్రం 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగిసింది.

సంవత్సరమంతటినీ ఒక క్రమంలో అమర్చే పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించినవారు న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్. చెప్పుల కర్మాగారంలో పనిచేస్తూ తన శరీరం మీదే ఆయన ప్రయోగాలు చేశారు. మొదట నెలల తరబడి, వారానికి దాదాపు 160 కిలోమీటర్ల చొప్పున, నిలకడ పరుగు, తరువాత కొండ ఎక్కుళ్లు, ఆపైన వేగ సాధన, చివరికి పోటీ. పునాది పడకముందే వేగం జోలికి వెళ్లకూడదన్నది ఆయన సూత్రం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలోనూ ఒకే రోజున స్వర్ణాలు గెలిచారు.

ఆ రోమ్ ఒలింపిక్స్‌లోనే మలయా తరఫున పాల్గొన్న మణి జెగతీశన్ వయస్సు 16 సంవత్సరాలు. ఆయన కూడా తెలుక్ ఇంటాన్ ఉన్న పెరాక్ రాష్ట్రంలోనే పుట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో 200 మీటర్ల స్వర్ణం. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అదే పందెంలో సెమీఫైనల్. 1966 బ్యాంకాక్‌లో 100, 200 మీటర్లు, 4×100 రిలే కలిపి మూడు స్వర్ణాలు. వైద్యం చదువుతూనే ఇదంతా సాధించినందుకు ‘ఎగిరే డాక్టర్’ అన్న పేరు వచ్చింది. 1968 మెక్సికో సిటీ సెమీఫైనల్‌లో 200 మీటర్లను 20.92 సెకన్లలో ముగించారు. ఆ జాతీయ రికార్డు 49 ఏళ్లు నిలిచి, 2017లో ఖైరుల్ హఫీజ్ జంతాన్ 20.90తో దాటేవరకు చెక్కుచెదరలేదు. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలి స్వల్పదూర పరుగుకు అనుకూలం. ఇది జెగతీశన్ ఘనతను తగ్గించదు. ఒక అంకెను మరో అంకెతో పోల్చే ముందు, అవి పుట్టిన చోట్లను కూడా పోల్చాలని గుర్తు చేస్తుంది.

దిగువ పెరాక్ తోటలకు వలస వచ్చిన తెలుగువారిలో విశాఖపట్నం ప్రాంతం వారూ ఉన్నారు. అదే విశాఖపట్నం నుంచి వచ్చిన జ్యోతి యర్రాజీ అనుభవం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 2020 జనవరిలో మూడబిద్రిలో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించారు. అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38 రికార్డు కంటె అది ఎంతో మెరుగు. డోపింగ్ పరీక్ష జరగనందువల్ల రికార్డుగా లెక్కకు రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో 13.09, వెనుకగాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించిన హద్దు 2.0. అదీ చెల్లలేదు. మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో పరిగెత్తిన 13.23 ఆ రెండిటికంటె నెమ్మది. జాతీయ రికార్డు అయింది అదే. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గరా, తరువాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గరా ఆమె శిక్షణ సాగింది. 2023 జులైలో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో, తడిసిన ట్రాక్ మీద ఆమె స్వర్ణం గెలిచిన సమయం మళ్లీ 13.09. ఒకచోట లెక్కకు రాని అంకె, మరోచోట ఆసియా స్వర్ణం.

ఉద్యోగం, కుటుంబం నడుమ తెల్లవారుజామున పరిగెత్తే సాధారణ మనిషికి ఈ ఉదాహరణలు దూరమైనవి కావు. లక్ష్యం తప్పిన ఏడాదిని సమీక్షించేటప్పుడు, ఆ సమయం ఏ వాతావరణంలో, ఎంత నిద్రతో, ఏ పునాది మీద వచ్చిందో కూడా పట్టికలో రాయాలి. రాసినదాన్ని అనుభవం గల మరొకరికి చూపాలి. 61 దగ్గర ఆగినవాడికి విశ్రాంతి కావాలా, మరింత శ్రమ కావాలా అన్నది తనంతట తాను తేల్చుకోవడం కష్టం. తెలుక్ ఇంటాన్ గోపురం ఒరిగిన సంగతి కూడా లోపలి మెట్లెక్కేవారి కంటె, వీధిలో నిలబడి చూసేవారికే ముందుగా కనిపిస్తుంది.