చిట్టెలుక పాదం చెప్పే సాక్ష్యం

1980ల తొలి నాళ్లు. గుడియాత్తం తాలూకాలో ఒక పల్లె. మగ్గం గుంట అంచున కూర్చున్న నేతన్న తల తిప్పి చెవి తమ్మెలు చూపిస్తున్నాడు. కొత్త బుడిపెలు లేచాయి. నుదుటి మీద మరో రెండు.

"మాత్రలు నిలిపేసినావా అన్నా?" అడుగుతాడు కరిగిరి నుంచి సైకిల్ మీద వచ్చిన పారామెడికల్ వర్కర్.

"ఒకనాడూ ఇడిసిపెట్టలేదు సామీ."

మీరు పక్కనే ఉన్నారు. ఏళ్ల తరబడి డాప్సోన్ మాత్రలు మింగినవాడికి కుష్టు మళ్లీ ఎందుకు తిరగబెట్టింది? ఈయన మందు మానేశాడా, లేక క్రిమే మందుకు లొంగడం మానేసిందా? నేతన్న మాట నిజమో కాదో తేల్చాల్సింది ఒక చిట్టెలుక.

బుడిపె నుంచి కోసిన చిన్న చర్మపు ముక్క మంచు నింపిన ఫ్లాస్కులో కాట్పాడి దగ్గరి కరిగిరికి చేరుతుంది. 1955లో మొదలైన షెఫలిన్ లెప్రసీ కేంద్రం అక్కడుంది. ప్రయోగశాలలో ఆ ముక్కను మెత్తగా నూరుతారు. రంగు పట్టించిన స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి మిమ్మల్ని చూడమంటారు. నీలం మీద ఎర్రటి కడ్డీలు, గుడియాత్తంలో చేసే అగ్గిపుల్లలు కట్టగట్టినట్టు. ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. 0.03 మిల్లీలీటర్ల ద్రవంలో 5,000 నుంచి 10,000 క్రిములు మాత్రమే ఉండేలా పలచన చేసి, ఎలుక వెనక పాదంలోకి సన్నటి సూదితో ఎక్కిస్తారు.

పాదమే ఎందుకు? వైద్యుడు హాన్సెన్ ఈ క్రిమిని 1873లో గుర్తించాడు. ఇన్నేళ్లయినా ఏ గాజు పాత్రలోనూ దాన్ని ఎవరూ పెంచలేకపోయారు. అది చల్లని చోట్లను వెతుక్కుంటుంది. మనిషిలో చెవులు, ముక్కు, వేళ్లు. ఎలుక ఒంట్లో పాదం చల్లగా ఉంటుందని నమ్మి, అమెరికాలో చార్లెస్ షెపర్డ్ 1960లో దాన్ని అక్కడ పెంచి చూపాడు. ఈ పాదం దొరకకముందో? డాప్సోన్‌ను జర్మనీలో తయారుచేసింది 1908లో. కుష్టుకు వాడింది 1940లలో. అప్పట్లో వేలూరు వైద్య కళాశాల ప్రిన్సిపల్‌గా ఉన్న రాబర్ట్ కాక్రేన్ దాన్ని చెంగల్పట్టులో రోగులకు ఇంజెక్షన్లుగా ఇచ్చి చూశాడు. ఒక మందు కుష్టు క్రిమిని నిలువరిస్తుందో లేదో తేల్చడానికి మనిషి ఒళ్లు తప్ప వేరే చోటు లేని కాలమది. ఆ భారం మోసిన రోగుల పేర్లు మనకు తెలియవు. అది నన్ను బాధిస్తుంది.

ఎలుకల గదిలోకి రండి. పొట్టు వాసన, బోనుల మీద తేదీలు రాసిన కార్డులు. వేలూరు ఎండ లోపలికి చొరబడకూడదు. గది వేడెక్కితే పాదమూ వేడెక్కుతుంది, క్రిమి సరిగా పెరగదు, పరీక్ష పాడవుతుంది. ఒక వరుస ఎలుకలకు మామూలు మేత. మిగిలిన వరుసలకు డాప్సోన్ కలిపిన మేత, ఒక్కో వరుసకు ఒక్కో మోతాదు. ఇక ఎదురుచూపే. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికి పన్నెండు, పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే ఆరు నెలలు దాటితేగాని జవాబు రాదు. తొందరపెట్టే దారి లేదు.

కొత్త మందులదీ ఇదే దారి. ఇటలీలో పుట్టిన రిఫాంపిసిన్, డబ్లిన్‌లో క్షయ కోసం తయారైన క్లోఫజిమిన్ ఈ పాదంలోనూ తమ సత్తా చూపాయి. రిఫాంపిసిన్ అయితే కొద్ది మోతాదులకే క్రిముల ప్రాణం తీసింది.

నెలలు గడిచాయి. పాదాలను నూరి, రంగు పట్టించి, మళ్లీ లెక్క. మామూలు మేత తిన్న ఎలుకలో దాదాపు పది లక్షలు. డాప్సోన్ తిన్న ఎలుకలోనూ క్రిమి నిక్షేపంగా పెరిగింది. నేతన్న చెప్పింది నిజం.

వర్కర్ సైకిల్ మళ్లీ మగ్గం దగ్గర ఆగుతుంది. "తప్పు నీది కాదన్నా, మాత్రది. ఇంక మూడు రకాలు కలిపి ఇస్తాము. ఈ ఎర్రది నెలకొకసారి, నా ఎదురుగానే మింగాల. ఒంటేలు ఎర్రగా వస్తాది, భయపడొద్దు."