తెలుగు పత్రికారంగంలో సామాజిక ప్రాతినిధ్యం: లక్ష్యనిర్ణయ చరిత్ర

పత్రికా కార్యాలయాల్లో ఎవరు పనిచేస్తున్నారన్న ప్రశ్న భారతదేశంలో చాలా ఆలస్యంగా తలెత్తింది. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక దళిత పాత్రికేయుని కోసం వెదికి, ఒక్కరూ కనబడలేదని 'పయనీర్' పత్రికలో రాశారు. పదేళ్ల తరువాత, 2006లో, 37 జాతీయ మాధ్యమ సంస్థల్లో నిర్ణయాధికారం గల 315 మందిని సర్వే చేసినప్పుడు వారిలో షెడ్యూల్డు కులాలవారు గాని, తెగలవారు గాని లేరని తేలింది. లెక్క లేనిచోట లక్ష్యానికి ఆధారముండదు కనుక ఈ సర్వేలను ప్రాతినిధ్య చరిత్రకు ఆరంభంగా గ్రహించవచ్చు.

తెలుగునాట మాత్రం దీనికి పూర్వరంగం ఉంది. భాగ్యరెడ్డివర్మ 1931లో హైదరాబాదులో 'భాగ్యనగర్' పత్రికను స్థాపించారు. అదే తరువాత 'ఆది హిందూ' అయింది. ఇతరుల పత్రికల్లో చోటు అడగకుండా సొంత పత్రిక పెట్టుకోవడం ఆనాటి మార్గం. దాని ప్రభావం గొప్పదే అయినా ప్రధాన పత్రికల కొలువుల స్వరూపాన్ని అది మార్చలేదు, మార్చడం దాని ఉద్దేశమూ కాదు.

కొలువుల స్వరూపం కొంతైనా మారింది 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు ప్రారంభించిన తరువాత. మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. పట్టణపు చదువు, పరిచయాలు లేని యువకులకు ఆ అవసరమే ద్వారమైంది. అయితే అది కింది మెట్టు ద్వారం. జీతానికి బదులు లైన్ అకౌంటు. అచ్చయిన వార్త పొడవును బట్టి పైకం. అక్కడినుంచి డెస్కుకు, డెస్కునుంచి సంపాదక స్థానానికి దారి ఇరుకైనది. పత్రికల సొంత పాత్రికేయ పాఠశాలలు రాతపరీక్షతో ఎంపిక చేసినా, శుద్ధమైన వ్రాతభాష ఇంట్లోనే అబ్బినవారికి ఆ పరీక్ష సహజంగానే అనుకూలించింది. తెలుగు శాఖలు ఆలోచించవలసిన విషయమిది: ప్రామాణిక భాష పేరిట జరిగే వడపోతలో వాటికీ పాత్ర ఉంది.

లక్ష్యం ఎలా విఫలమవుతుందో అమెరికా అనుభవం చూపుతుంది. అక్కడి పత్రికా సంపాదకుల సంఘం 1978లో, వార్తాకార్యాలయాల్లో మైనారిటీల వాటా 2000 నాటికి జనాభాలోని వాటాకు సమానం కావాలని తీర్మానించింది. అప్పటి వాటా సుమారు 4 శాతం. అది 2000 నాటికి 12 శాతం దరికి చేరిందే కాని జనాభా నిష్పత్తిని అందుకోలేదు. ముందే గ్రహించిన సంఘం 1998లో గడువును 2025కు జరిపింది. ఏటా లెక్క ప్రకటించడం ఆ సంఘం చేసిన మేలు. ఉద్యోగం మానేసి వెళ్లేవారిని నిలుపుకోలేకపోవడం ఆ పత్రికల లోపం.

వాస్తవిక లక్ష్యమంటే చిన్న లక్ష్యమని కొందరి భావన. అది సరికాదు. మొత్తం సంఖ్యకు కాక ఒక్కొక్క మెట్టుకు వేరుగా పెట్టుకునే లక్ష్యమే వాస్తవికం. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి వెలువరించిన నివేదిక ఈ పద్ధతిలోనే నాయకత్వ స్థానాలను విడిగా లెక్కించింది. 121లో 106 అగ్రకులాలవారివి, దళితులకు, ఆదివాసులకు ఒక్కటీ లేదు.

శంషాబాదు విమానాశ్రయం మొదలైన 2008లోనే, అక్టోబరు 15న, జహీరాబాదు సమీపంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం రేడియో ప్రసారం ప్రారంభించింది. దాన్ని నడిపినవారు దళిత స్త్రీలు. అక్కడ రాతపరీక్ష లేదు. వార్త ఏదో, ఏ మాటల్లో చెప్పాలో తేల్చింది వారే, తమ మెతుకుసీమ తెలుగులో.