ఆత్మరక్షణ చేతితుపాకీ: బోరు ఎంపిక
సాలూరులో ఆత్మరక్షణకు చేతితుపాకీ కావాలనుకునేవారికి ఏ బోరు అన్నది దుకాణం కంటే ముందు 1959 ఆయుధ చట్టంలోనే చాలావరకు తేలిపోతుంది. 9 ఎం.ఎం., .38 నిషేధిత బోర్లు. మామూలు లైసెన్సుకు మిగిలేవి ముఖ్యంగా .32, .22. దరఖాస్తు ఒకప్పుడు విజయనగరం కలెక్టరుకు వెళ్లేది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పార్వతీపురానికి వెళ్తోంది.

కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన .32 ‘నిర్భీక్’ రివాల్వరు సుమారు 500 గ్రాములు. గుండ్రటి సిలిండరులో ఆరు గదులు, గదికో తూటా. ఒకే రకం తూటాకు తుపాకీ ఎంత తేలికైతే చేతికి తన్ను అంత ఎక్కువ, గురి అంత తొందరగా చెదురుతుంది. .22 అంతగా తన్నదు, దెబ్బా చిన్నదే. బోరు అంకెకన్నా సాధనే ముఖ్యం. గురి తప్పితే, రేకు తలుపు దాటిన తూటా పక్కింటి పిల్లల మీదికీ పోగలదు. ఇక ఏ బోరైనా, ఎన్నికలొస్తే చాలామంది ఆయుధాన్ని పోలీసు స్టేషనులో అప్పగించాల్సి వస్తుంది.